కక్ష్యలో వ్యాపారం పెరుగుతుంటే ఇస్రోకు మిగిలే పని ఏమిటి?

ప్రశ్న (కావలి నుంచి):

అందరికీ నమస్కారం. శ్రీహరికోటలో రాకెట్ లేచే రోజున మిద్దె ఎక్కి దక్షిణపు దిక్కు చూడడం నాకు చిన్ననాటి నుంచీ అలవాటు. అప్పట్లో ఎగిరేవన్నీ ఇస్రో రాకెట్లే. ఇప్పుడు 2022 నవంబరు 18న ప్రైవేటు కంపెనీ స్కైరూట్ వారి విక్రమ్-ఎస్, 2024 మే 30న సొంత ప్రయోగ వేదిక మీది నుంచి మరో ప్రైవేటు కంపెనీ అగ్నికుల్ వారి రాకెట్ అక్కడి నుంచే ఎగిరాయి. ఇస్రో రాకెట్లయిన పీఎస్ఎల్‌వీల తయారీని హెచ్ఏఎల్ (ప్రభుత్వ రంగ విమాన తయారీ సంస్థ), ఎల్ అండ్ టీ కూటమికి, చిన్న రాకెట్ ఎస్ఎస్ఎల్‌వీ పరిజ్ఞానాన్ని హెచ్ఏఎల్‌కు అప్పగిస్తున్నారు. ఇలా ఒక్కొక్కటీ చేతులు మారుతూ పోతే ప్రభుత్వ సంస్థ అవసరం ఏ మేరకు ఉంటుంది? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (నెల్లూరు నుంచి):

మీ సందేహం సమంజసమైనదే. అయితే అమెరికాలో జరిగింది చూస్తే ప్రభుత్వం తప్పుకోలేదు, పని ఇచ్చే తీరు మార్చుకుంది. ఇల్లు కట్టించేవారు పునాది లేచాక ఇంత, శ్లాబు పడ్డాక ఇంత అని మేస్త్రీతో ముందే మాట్లాడుకున్నట్లు, 2006 నుంచి నాసా కూడా ఒక్కో దశ పూర్తయితేనే ఆ దశకు ఒప్పుకున్న సొమ్ము చెల్లించే పద్ధతిని అంతరిక్ష కేంద్రానికి సరుకు చేర్చే వ్యోమనౌకల తయారీలో ప్రవేశపెట్టింది; అంచనా మించితే ఆ భారం కంపెనీదే. 2008లో స్పేస్‌ఎక్స్‌కు 160 కోట్ల డాలర్ల, ఆర్బిటల్ సైన్సెస్‌కు 190 కోట్ల డాలర్ల రవాణా ఒప్పందాలు దక్కాయి. కొనేవాడు ముందుగా ఖాయమయ్యాడు కనుకనే ఆ కంపెనీలు నిలదొక్కుకున్నాయని నా అభిప్రాయం.

ఇప్పుడున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని 2030 తర్వాత సముద్రంలోకి దించి, ఆపైన ప్రైవేటు కేంద్రాల్లో చోటు అద్దెకు తీసుకోవాలన్నది నాసా ఆలోచన. సమాచార ప్రసారాలకు, భూమి చిత్రాలకు గిరాకీ ఉన్నట్లు ఆ కేంద్రాలకు ప్రభుత్వాలు కాక అద్దెదారులు ఎందరు దొరుకుతారన్న విషయంలో నాకు నమ్మకం చాలడం లేదు. మన దేశం 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం నిర్మించాలనుకుంటోంది. లాభం కంటికి కనిపించని అటువంటి పనికి ఏ కంపెనీ ముందుగా డబ్బు పెడుతుంది? అది ఇస్రో చేయవలసిందే.

జవాబు 2 (కొత్తపట్నం నుంచి):

రాకెట్ల సంగతి ఎలా ఉన్నా, ఉపగ్రహం ఇచ్చే సమాచారం ఎవరి చేతిలో ఉంటుందన్నది మాకు ముఖ్యం. మాది సముద్రం మీద బతికే కుటుంబం. సముద్రపు ఉపరితల వేడిని, నీటిలోని పచ్చదనాన్ని ఉపగ్రహాలు కొలిస్తే, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వారు చేపలు దొరికే చోట్లను లెక్కగట్టి చెబుతారు. రేవు నుంచి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్ల దూరాన, ఎన్ని మీటర్ల లోతున్న చోట వల వేయాలో అందులో ఉంటుంది. మా అన్నయ్య డీజిల్ పోయించుకునే ముందు ఫోనులో చూసేది దానినే, ఎందుకంటే వెతుకులాట తగ్గితే మిగిలేది ఆ డీజిలే. ఆ సమాచారానికి మేము పైసా చెల్లించము. రేపు ఈ ఉపగ్రహాలు కంపెనీల సొంతమై నెలకింత కట్టమంటే చిన్న పడవలవారు కట్టలేరు. తుపాను హెచ్చరికల విషయమూ అంతే. కంపెనీలు వద్దని నేను అనను. ఈ ఉపగ్రహాలను మాత్రం ప్రభుత్వమే ఉంచుకోవాలని కోరుతున్నాను.

జవాబు 3 (ఒంగోలు నుంచి):

ఒక విషయం చేర్చాలి. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం ప్రైవేటు కంపెనీల అంతరిక్ష కార్యకలాపాలకు కూడా ఆయా దేశాలే బాధ్యత వహించాలి, అనుమతి ఇవ్వడంతో సరిపెట్టక నిరంతరం పర్యవేక్షించాలి. అందుకే ప్రైవేటు కంపెనీలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థగా 2020లో ఇన్-స్పేస్‌ను ప్రకటించారు. తానూ పోటీలో ఉన్న ఇస్రోయే ఇతరులకు అనుమతులివ్వడం ధర్మం కాదు కదా.

ప్రశ్నించినవారు:

అందరికీ కృతజ్ఞతలు. రాకెట్ ఎవరు తయారుచేస్తారన్న దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది. కొత్తపట్నం వారు చెప్పిన కోణం నాకు తట్టలేదు. ఇన్‌కాయిస్ సమాచారం ఉచితంగానే కొనసాగుతుందని 2023 అంతరిక్ష విధానంలో ఎక్కడైనా స్పష్టంగా రాసి ఉందేమో, చదివినవారు ఆ భాగాన్ని ఇక్కడ ఉంచగలరా?