పిల్లల క్లాసులో కుంగ్ ఫూ పాండా: కార్టూన్‌లో వేదాంతం వెతకడం అతి అవుతుందా?

పాలపిట్ట:
మా అపార్ట్‌మెంట్లో ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకి గంటసేపు క్లాసు చెబుతుంటాను. నాలుగు శ్లోకాలు, రెండు వేమన పద్యాలు, ఒక కథ. వచ్చే వారం కథ బదులు కుంగ్ ఫూ పాండా మొదటి భాగంలోంచి కొన్ని సీన్లు చూపించి మాట్లాడదామనుకుంటున్నాను. కమిటీలో ఒక పెద్దాయన ఒప్పుకోలేదు. "మన పురాణాల్లో కథలు అయిపోయాయా, పాండాల దాకా పోవడానికి?" అన్నారు. నాకేమో అందులో నిజంగా సరుకుందనిపిస్తుంది. మీరేమంటారు?

చూడనివాళ్లకి కథ క్లుప్తంగా: పాత చైనాలో ఒక లోయ. అక్కడ నూడుల్స్ కొట్టు నడిపే పెద్దబాతు దగ్గర కొడుకుగా పెరిగిన లావుపాటి పాండా, పేరు పో. కుంగ్ ఫూ అంటే పిచ్చి, ఒంట్లో మాత్రం మెట్లెక్కే ఓపిక లేదు. ఊగ్వే అనే ముసలి తాబేలు ఆ విద్యకి ఆదిగురువు. ఆయన ఆరితేరిన శిష్యులందర్నీ వదిలేసి ఇతన్నే డ్రాగన్ యోధుడంటాడు. ఊగ్వే శిష్యుడు షిఫూకి అది మింగుడుపడదు. ఇంతలో తై లుంగ్ అనే మంచుచిరుత జైల్లోంచి తప్పించుకుని వస్తాడు. వాడికి కావలసింది డ్రాగన్ పత్రం. అది చదివితే అంతులేని శక్తి వస్తుందని అందరి నమ్మకం. తీరా పో ఆ చుట్ట విప్పితే ఒక్క అక్షరం ఉండదు, బంగారు రంగు మెరుపులో తన మొహమే కనిపిస్తుంది. ఉసూరుమంటూ తండ్రి దగ్గరికెళ్తే, ఆయన తన సూప్‌లోని రహస్య దినుసు సంగతి చెబుతాడు: అలాంటిదేమీ లేదు, మామూలు సూపే. అప్పుడు పోకి పత్రం అర్థమవుతుంది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే కదా? పదిమంది ఏరు దాటి, ఎవడికి వాడు తనను వదిలేసి తొమ్మిదే లెక్కపెట్టి ఏడ్చిన కథ వేదాంతం చెప్పేవాళ్లంతా చెబుతారు. పదోవాడివి నువ్వేరా అని దారినపోయేవాడు చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ ఆ పని నూడుల్స్ కొట్టాయన చేశాడు, అంతే.

లెక్కల మాష్టారు:
అమ్మా, సినిమా మీద నాకు కోపం లేదు. మనవడితో కూర్చుని చూశాను, కడుపుబ్బా నవ్వాను కూడా. కానీ సుమారు 13 కోట్ల డాలర్లు పెట్టి 63 కోట్లు రాబట్టుకున్న సరుకది. బర్గర్ కొట్లలో పో బొమ్మలు కూడా ఇచ్చారు. "నిన్ను నువ్వు నమ్ముకో, నీలోనే అంతా ఉంది" అనేది అమెరికాలో ప్రతి పిల్లల సినిమా అమ్మే మాట. చేప కథలోనూ అదే, ఎలుక కథలోనూ అదే. ఏ కథలోనైనా దొరికే తత్వం కథలోది కాదు, మీరు ఇంటి నుంచి పట్టుకెళ్లింది.

రెండో మాట. ప్రహ్లాదుడు తనను నమ్ముకోలేదు, హరిని నమ్ముకున్నాడు. గజేంద్రుడు తన బలం మీద నమ్మకం పోయాకే కదా పిలిచింది? మీ పాండా నేర్పేది దానికి సరిగ్గా ఎదురు. రెండూ ఒకే క్లాసులో చెబితే పిల్లవాడు దేన్ని పట్టుకోవాలి?

డాలస్ పిన్ని:
మాష్టారూ నమస్తే. మీరన్నది కాదనను గానీ, మా దగ్గర జరిగింది చెబుతాను. ఇక్కడ పుట్టిన పిల్లలకి మేం వారం వారం భారతం చెబుతాం. పరీక్షిత్తు కథ వచ్చింది. తక్షకుడి కాటు తప్పించుకోడానికి ఒంటిస్తంభం మేడలో కూర్చున్నాడు, చుట్టూ కాపలా, చీమ కూడా దూరదు. చివరికి పండులో పురుగై వచ్చాడు తక్షకుడు. అది చెప్పగానే వెనక కూర్చున్న ఒక పిల్లాడు లేచి "ఆంటీ, బాతు ఈక!" అన్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

వాడే చెప్పాడు. తై లుంగ్ తప్పించుకుంటాడేమోనని షిఫూ భయపడి, కాపలా రెట్టింపు చేయమని బాతును జైలుకు పంపిస్తాడు. ఆ బాతు రెక్క నుంచి రాలిన ఈకతోనే తై లుంగ్ తాళం తీసుకుంటాడు. ఆపడానికి పంపిందే విడిపించింది. మిగతా పిల్లలు కంసుడిని కూడా లాక్కొచ్చారు: చెల్లెల్ని జైల్లో పెట్టకపోతే ఏమయ్యేది, అని. పావుగంట వాళ్లే వాదించుకున్నారు. మా పిల్లలు సినిమాలోంచి భారతంలోకి నడిచారు మాష్టారూ, అటునుంచి ఇటు కాదు. ఇంటి నుంచి పట్టుకెళ్లింది కాదది.

వేపచెట్టు:
పిన్నిగారి పిల్లాడికి ముందుగా నా దండం. ఒక చిన్న సంగతి కలుపుతాను. మేడలో దాక్కున్న పరీక్షిత్తు భారతంలోవాడు. భాగవతంలో అదే పరీక్షిత్తు దాక్కోడు, గంగ ఒడ్డున కూర్చుని ఏడు రోజులూ శుకుడు చెప్పింది వింటాడు. శాపం ఒకటే, చావూ ఒకటే. షిఫూ మొదటివాడు, ఊగ్వే రెండోవాడు. వెళ్లిపోయే వేళ ఊగ్వే చేతికర్ర షిఫూకి ఇచ్చేసి పీచ్ పూరేకుల్లో కలిసిపోతాడు చూడండి, ఆ మొహంలో కంగారన్నది లేదు. పిల్లలకి ఇద్దరు పరీక్షిత్తుల్నీ చెప్పండి.

ఇక అసలు సంగతి, అద్దం. పాలపిట్టగారు పదోవాడి కథ దగ్గర ఆగిపోయారు. నాకు గుర్తొచ్చేది ఛాందోగ్య ఉపనిషత్తు ఎనిమిదో అధ్యాయం. ఆత్మను తెలుసుకుంటే అన్ని లోకాలూ దక్కుతాయని ప్రజాపతి అన్నాడని విని, దేవతల వైపు నుంచి ఇంద్రుడు, అసురుల వైపు నుంచి విరోచనుడు వెళ్తారు. ముప్ఫై రెండేళ్లు శుశ్రూష చేయించుకుని ప్రజాపతి ఏం చెప్పాడు? నీళ్ల పళ్లెంలో చూసుకోమన్నాడు. చూశారు, వెంట్రుకలతో గోళ్లతో సహా కనిపించింది. నగలు పెట్టుకుని మళ్లీ చూడమన్నాడు. చూశారు. ఇద్దరూ తృప్తిగా ఇంటిదారి పట్టారు. విరోచనుడు తిన్నగా వెళ్లి, దేహమే ఆత్మ, దాన్నే పూజించండి అని తనవాళ్లకి చెప్పాడు. ఇంద్రుడికి మాత్రం సగం దారిలో అనుమానం వచ్చింది. ఈ ఒంటికి గుడ్డితనం వస్తే ఆత్మా గుడ్డిదవుతుందా, ఇది పోతే అదీ పోతుందా అని. వెనక్కి వచ్చాడు. మళ్లీ ముప్ఫై రెండు, మళ్లీ ముప్ఫై రెండు, ఆపైన ఐదు, మొత్తం నూటొక్క ఏళ్లు పట్టింది.

ఇప్పుడు పత్రాన్ని చూడండి. తై లుంగ్ అందులోకి చూసి "ఇందులో ఏమీ లేదు" అంటాడు. తన మొహం కనిపిస్తూనే ఉంది, అయినా ఏమీ లేదు. వాడు విరోచనుడి మెట్టు కూడా ఎక్కలేదు. పో ఆ మెట్టెక్కాడు: ఉన్నది నేనే, ఈ పొట్టతో ఈ ఆకలితో ఉన్న నేనే, ఇదే చాలు. సినిమా అక్కడ ఆగి చప్పట్లు కొట్టింది. అంటే విరోచనుడు ఇంటికెళ్లిన చోట సినిమా ముగిసింది. మాష్టారి అభ్యంతరంలో నిజం ఇదే. ఇంద్రుడి అనుమానం పోకి రాదు. మూడో భాగంలో (2016) నేనెవర్ని అన్న ప్రశ్న వస్తుంది. పాండా కొడుకునా, బాతు కొడుకునా, శిష్యుణ్నా, గురువునా అని తనను తానే ప్రశ్నించుకుని, ఇవన్నీ నేనే అంటాడు. ఇవేవీ కాను అనడం మన దారి. మంచి సినిమానే, కానీ దీన్ని అద్వైతం అనకండి.

రెండర్‌బాబు:
నేను హైదరాబాద్‌లో యానిమేషన్ పని చేస్తాను. వేదాంతం నాకు తెలియదు. ఒక్కటి చెప్పగలను: పత్రం విప్పే షాట్‌లో అక్షరాలు లేకపోవడం కంటే పో కళ్ల మీద కెమెరా ఎంతసేపు నిలిచిందో చూడండి. జోక్ కాబోతోంది అనిపించి, కాదు. ఇంకోటి సరదాకి. మన హైదరాబాద్ ఛోటా భీమ్ కూడా ఈ సినిమా వచ్చిన 2008లోనే టీవీలో మొదలయ్యాడు. వాడికి లడ్డూ తింటే బలం, వీడికి డంప్లింగ్ కోసం బలం. ఇద్దరి మీదా క్లాసు పెట్టండి.

పాలపిట్ట:
రెండర్‌బాబుగారు నవ్వుతూ అన్నా, తేడా అంతా అందులోనే ఉంది. భీముడు లడ్డూ తిన్నాక కొడతాడు. పో సంగతి వేరు. ఊగ్వే పీచు పండు, గింజ గురించి చెప్పే సీన్ కాదు, నేను చూపించాలనుకున్న సీన్ ఇది.

పోకి మామూలు కసరత్తు ఒక్కటీ పట్టుబడదు. ఒకరోజు షిఫూ చూసేసరికి, బిస్కెట్ల కోసం పై అరలో కాళ్లు బార్లా చాపి గాల్లో వేలాడుతుంటాడు. అప్పుడు గురువుకి వెలుగుతుంది, వీడికి తిండే తాడు అని. కొండ మీదికి తీసుకెళ్లి గిన్నెలో డంప్లింగ్‌లు పెట్టి, చాప్‌స్టిక్స్‌తో నా నుంచి లాక్కో అంటాడు. రోజంతా కొట్టుకుంటారు. చివరి డంప్లింగ్ పో చేతికి చిక్కుతుంది, షిఫూ తినమంటాడు. పో దాన్ని వెనక్కి విసిరేసి, ఆకలి లేదు గురువుగారూ అంటాడు. ఆ ఒక్క మాట చాలు నాకు. కోరికను తిట్టలేదు, చంపలేదు, దాని మీదే ఎక్కించాడు. ఎక్కాక అదే రాలిపోయింది. "నిన్ను నువ్వు నమ్ముకో" సినిమాలో ఈ సీన్ ఉండదు మాష్టారూ. ఇక్కడ గురువున్నాడు, సాధన ఉంది.

వేపచెట్టుగారూ, తొమ్మిదేళ్లవాడు విరోచనుడి మెట్టెక్కితే నాకు చాలు. ఇంద్రుడు కూడా మొదట ఆ మెట్టు మీదే నిలబడ్డాడు కదండీ.

కొండవీటి:
ఇదంతా చదువుతుంటే ఒక్క ఇబ్బంది. కథ చైనాది, మనుషులు (జంతువులే అనుకోండి) చైనావాళ్లు, మధ్యలో ఉపనిషత్తు ఎందుకు దూరింది? 2008లో ఆ దేశంలోనే దీన్ని బహిష్కరించమన్నవాళ్లున్నారు. మన పాండా, మన కుంగ్ ఫూ, మనమెందుకు ఇలా తీయలేకపోయాం అని మథనపడ్డవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఛాన్ (జెన్) బౌద్ధంలో ఖాళీ పత్రం కొత్త సంగతి కాదు. మాటకు అందదు అనేది ఆ దారికి పునాది. మనకి చుట్టరికం కావాలంటే అది కూడా అటునుంచే ఉంది. ఛాన్ గురుపరంపర జాబితాలో భారతీయ గురువుల్లో పద్నాలుగోవాడు నాగార్జునుడు, ఆయన చెప్పింది శూన్యత, అంటే దేనికీ తనదంటూ విడి స్వభావం లేదని. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండకి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు అక్కడ ఈ పత్రం గురించి మాట్లాడొచ్చు.

ఇంకో మాట, కాస్త ఘాటుగా. పాలపిట్టగారు వద్దన్నారు గానీ, పీచు గింజ దగ్గర చాలామంది స్వధర్మం తెచ్చి పెడతారు. ఆ గింజకి నువ్వు ఆపిల్ కావాలని కోరినా పీచు చెట్టే వస్తుంది అంటాడు ఊగ్వే. వెంటనే గీత తీసి, పరధర్మం కంటే స్వధర్మం మేలు అన్నమాట మూడులోనూ ఉంది, పద్దెనిమిదిలోనూ ఉంది అంటారు. మరి అదే సినిమాలో తండ్రి బాతు ఏమంటాడు? మనది నూడుల్స్ వంశం, మన రక్తంలో పారేది సూపే అంటాడు. అది కూడా స్వధర్మమేగా! సినిమా మొత్తం ఆ మాటని పడగొట్టడానికే ఉంది. కులవృత్తి కథను కాదన్న సినిమాలోంచి కులవృత్తి పాఠం తీయకండి.

నెమలికన్ను:
నేను ఇంటర్ చదువుతున్నా. అందరూ పో గురించే మాట్లాడుతున్నారు. షిఫూ శిష్యురాలు, ఆడపులి టైగ్రెస్ సంగతేంటి? డ్రాగన్ యోధుణ్ని ఎంచుకునేటప్పుడు ఊగ్వే వేలు ఆమె వైపే వస్తోంది, అప్పుడే టపాకాయల కుర్చీ మీద పో ఆకాశంలోంచి ఊడిపడ్డాడు, వేలు అటు తిరిగింది. రెండో భాగంలో (2011) ఆమే చెబుతుంది, ఇరవై ఏళ్లు గట్టి చెట్లని గుద్ది గుద్ది చేతులకి స్పర్శే పోయిందని. అంత కష్టపడ్డదానికి ఏమీ లేదు, కూర్చుని తిన్నవాడికి పత్రం. మా క్లాసులో ఇలాంటివి రోజూ చూస్తాం. దీనికి ఆధ్యాత్మిక సమాధానం ఉంటే చెప్పండి, కర్మ అనొద్దు ప్లీజ్.

వేపచెట్టు:
తల్లీ, ఈ చర్చలో నువ్వడిగిందే గట్టి ప్రశ్న. ఇది పాత తగువే. శ్రీవైష్ణవుల్లో రెండు మాటలున్నాయి. కోతిపిల్ల తల్లిని తనే గట్టిగా పట్టుకోవాలి, అది మర్కటకిశోర న్యాయం. పిల్లికూన ఏమీ చేయదు, తల్లే నోట కరిచి తీసుకెళ్తుంది, అది మార్జాలకిశోర న్యాయం. ప్రయత్నమా, కృపా అని వడగలై, తెంగలై వాళ్లు శతాబ్దాలు వాదించుకున్నారు, ఇంకా తేలలేదు. తమాషా ఏమిటంటే, సినిమాలో పిల్లి జాతిది కోతిపిల్లలా పాకులాడింది, ఎలుగు జాతివాణ్ని పిల్లికూనలా ఎత్తుకెళ్లారు. నీకు సమాధానం చెప్పలేదని తెలుసు. చెప్పగలిగితే ఆచార్యులే చెప్పేవారు.

లెక్కల మాష్టారు:
నెమలికన్నుకి నేను చెబుతాను. భాగవతం నాలుగో స్కంధం తియ్యి. ధ్రువుడు తండ్రి ఒడి ఎక్కబోతే, నా కడుపున పుట్టలేదు కనుక నీకు చోటు లేదని సురుచి దించేసింది. టైగ్రెస్‌కి జరిగింది అదే. ఐదేళ్లవాడు ఏడుస్తూ కూర్చోలేదు, అడవికెళ్లి తపస్సు చేశాడు, ఎవరూ దించలేని చోటు సంపాదించుకున్నాడు. అందుకే అంటున్నాను పాలపిట్టగారూ, సీన్లు చూపిస్తే చూపించండి, కానీ ఇలాంటి ప్రశ్న ఏ పిల్లైనా అడిగితే సినిమాలో జవాబు లేదు. మళ్లీ మన కథకే రావాలి. నా మాట నేను మార్చుకోలేదు.

నెమలికన్ను:
థాంక్యూ మాష్టారూ. కానీ ధ్రువుడికి విష్ణువు కనిపించాడు, నక్షత్రం దొరికింది. టైగ్రెస్‌కి నాలుగో భాగంలో (2024) కూడా ఏం దొరకలేదు. అందులో పో తన తర్వాతివాళ్లని ఎంచుకోవాలి, ఒక దొంగ నక్కని ఎంచుకున్నాడు. టైగ్రెస్ చివర్న కాసేపు కనిపిస్తుంది, ఒక్క డైలాగ్ లేదు. పాలపిట్ట ఆంటీ, ఆదివారం క్లాసుకి నేను కూడా రావచ్చా?