పాత నెట్‌బుక్‌కి లినక్స్ ఎక్కించడం దండగా? పనికొస్తుందా?

సీతమ్మధార_కుర్రోడు:
అందరికీ నమస్తే. మా మావయ్య వాడి పక్కన పడేసిన నెట్‌బుక్ ఒకటి నా చేతికొచ్చింది, ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్ డిస్క్, 10 అంగుళాల స్క్రీన్. విండోస్ ఎక్స్‌పీ ఉంది అందులో. మా చెల్లి టెన్త్ చదువుతోంది, టైపింగ్ నేర్చుకోడానికి, తెలుగులో నోట్స్ రాసుకోడానికి, పీడీఎఫ్‌లు చూస్కోడానికి ఇద్దామని. ద్వారకానగర్‌లో ఒక షాపులో అడిగితే స్క్రాప్‌కి ఇచ్చేసి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ తీస్కోమన్నారు. విండోస్ తీసేసి ఉచితంగా దొరికే లినక్స్ వేస్తే నిజంగా పనికొస్తుందా?

డాబాగార్డెన్స్_సర్వీస్:
తమ్ముడూ, షాపాయన చెప్పింది కరెక్టే. ఎన్270 అంటే 2008 నాటి చిప్, ఒకటే కోర్, 32 బిట్ (పాత రకం) సాఫ్ట్‌వేర్ తప్ప ఎక్కదు. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు వాళ్లు 17.10 నుంచే 32 బిట్ డెస్క్‌టాప్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైల్) ఆపేశారు, ఇంకో రకం డెబియన్ 13లో 32 బిట్ ఇన్‌స్టాలరే లేదు, ఫైర్‌ఫాక్స్ కూడా 144 తర్వాత 32 బిట్ లినక్స్‌కి లేదు. 1 జీబీలో ఇప్పటి వెబ్‌సైట్లు తెరవడమంటే ఆటోలో లారీ లోడు ఎక్కించినట్టే. ర్యామ్, ఎస్ఎస్‌డీ, బ్యాటరీ అన్నీ కొత్తవి వేస్తే ఎంతవుద్దో ఒకసారి బిల్లు వేస్కో, ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపితే 64 బిట్ మెషీన్ వచ్చేస్తుంది.

గాజువాక_పెంగ్విన్:
అన్నా, మీ అనుభవం మీద గౌరవం ఉంది గానీ దీనికి మాత్రం ఒప్పుకోను. ఆ పిల్లకి కావాల్సింది ఏటి? టైపింగ్, నోట్స్, పీడీఎఫ్. దానికి ఎన్270 చాలు. అసలు 2007లో వచ్చిన ఆసుస్ ఈ-పీసీ 701 లో 512 ఎంబీ ర్యామ్, 4 జీబీ ఎస్ఎస్‌డీ, దాన్ని లినక్స్ వేసే అమ్మారు, అంటే ఈ నెట్‌బుక్‌లు మొదలైందే లినక్స్‌తో. మీరు డెబియన్ 13 గురించి చెప్పారు, నిజమే, కానీ డెబియన్ 12 కి 32 బిట్ ఇన్‌స్టాలర్ ఉంది కదా, ఎల్‌టీఎస్ (సెక్యూరిటీ అప్‌డేట్లు) 2028 జూన్ దాకా ఉంటుంది, ఈలోగా చెల్లి ఇంటర్ కూడా అయిపోద్ది.

తమ్ముడూ నువ్వు డెబియన్ 12 ఐ386 (అంటే 32 బిట్) నెట్‌ఇన్‌స్ట్ (మిగతాది నెట్ నుంచి దింపుకునే చిన్న ఇన్‌స్టాలర్) పెన్‌డ్రైవ్‌కి రాసుకో. 12 నుంచి వైఫై ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది, అయినా లాన్ కేబుల్ పెట్టుకుని చేస్తే గోల ఉండదు. డెస్క్‌టాప్ అడిగే చోట గ్నోమ్ (బరువైన డెస్క్‌టాప్) టిక్ తీసేసి ఎల్ఎక్స్‌డీఈ (తేలికైనది) పెట్టు, ఇదొక్కటీ మర్చిపోకు, గ్నోమ్ ఎక్కిందంటే 1 జీబీలో మౌస్ కూడా కదలదు. తర్వాత జెడ్‌ర్యామ్-టూల్స్ వేస్కో, అది ర్యామ్‌లోనే డేటాని కుదించి పెడుతుంది, పాత హార్డ్ డిస్క్ మీద స్వాప్ (ర్యామ్ చాలక డిస్క్ మీద రాసుకోవడం) కరకరలాడటం చాలా తగ్గుద్ది. తెలుగుకి ఫాంట్స్-తెలు, ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీలు, అందులో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ ఉంది. ఎల్ఎక్స్‌డీఈలో ఐబస్ (తెలుగు టైపింగ్ నడిపేది) దానంతటదే రాకపోవచ్చు, ఇమ్-కాన్ఫిగ్ తెరిచి ఐబస్ సెలెక్ట్ చేసి లాగౌట్ అయి రావాలి, ఇక్కడే చాలామంది తెలుగు రావట్లేదని వదిలేస్తారు.

లాసన్స్‌బే_అక్క:
బీచ్ దగ్గర ఇళ్లలో ఉన్న మెషీన్ అయితే ఏ ఓఎస్ వేసే ముందైనా ర్యామ్ తీసి చూడండి. ఉప్పు గాలికి ఆ బంగారు రంగు పళ్లు నల్లబడి ఉంటాయి. బ్యాటరీ తీసేసి, పళ్లని మెత్తటి రబ్బరుతో రుద్ది, పొడి దులిపి మళ్లీ గట్టిగా నొక్కాలి. ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతే అందరూ లినక్స్‌నే తిడతారు, చాలాసార్లు తప్పు ర్యామ్‌ది.

డాబాగార్డెన్స్_సర్వీస్:
అక్క చెప్పింది వంద శాతం నిజం. పెంగ్విన్ తమ్ముడూ, మరి యూట్యూబ్ పాఠాల సంగతేంటి? టెన్త్ పిల్లకి అది కావాలిగా. ఆ చిప్‌తో వచ్చే చిప్‌సెట్‌లో ఉన్నది జీఎంఏ 950 గ్రాఫిక్స్, హెచ్.264 (కుదించిన వీడియో రకం) విప్పడం దానివల్ల కాదు, భారం మొత్తం ప్రాసెసర్ మీదే పడుద్ది.

గాజువాక_పెంగ్విన్:
బ్రౌజర్లో పెడితే నత్తనడకే, కాదనను. వీడియో 360పీలో డౌన్‌లోడ్ చేసి ఎంపీవీ అనే ప్లేయర్‌లో ప్లే చేస్తే ఆడుద్ది, పాఠం అర్థమవడానికి అది చాలు. ఇంట్లో ఫోన్ ఉంటే పాఠం ఫోన్‌లో, నోట్స్ ఇందులో, ఇంకా సుఖం. లైవ్ క్లాసులు, వీడియో కాల్స్ మాత్రం దీనితో వద్దు, ఆ పని ఉందంటే నేనూ వేరేది కొనమనే చెప్తా. డబ్బు పెట్టాలనుకుంటే ర్యామ్ ఒక్కటే, చాలా మోడళ్లలో డీడీఆర్2 2 జీబీ దాకా పడుతుంది, బ్యాటరీ జోలికి పోకండి, ప్లగ్ పెట్టి వాడుకోండి.

సీతమ్మధార_కుర్రోడు:
థాంక్స్ అన్నలూ, అక్కా. స్క్రాప్‌కి ఇవ్వట్లేదు, డెబియన్ 12 దింపుతున్నా. ఇన్‌స్టాల్ అయ్యాక కొన్ని విండోల్లో ఓకే బటన్ స్క్రీన్ కిందకి పోతుందని ఎక్కడో చదివా, అదేం చెయ్యాలి?

గాజువాక_పెంగ్విన్:
నీది 1024×600 స్క్రీన్ అయ్యుంటుంది, అందుకే. ఆల్ట్ నొక్కి పట్టుకుని విండోలో ఎక్కడైనా మౌస్‌తో పట్టి పైకి లాగు, బటన్ కనిపిస్తుంది.

డాబాగార్డెన్స్_సర్వీస్:
సరే, వేస్కో తమ్ముడూ, నా అభిప్రాయం మారలేదు గానీ ఒక మాట. ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్‌కి (డెబియన్‌తో వచ్చే, ఎక్కువ కాలం అప్‌డేట్లుండే ఫైర్‌ఫాక్స్) 32 బిట్ అప్‌డేట్లు ఆగాక బ్యాంకు, యూపీఐ, మెయిల్ పాస్‌వర్డులు దాంట్లో కొట్టొద్దు, చెల్లికి కూడా చెప్పు.

గాజువాక_పెంగ్విన్:
ఈ విషయంలో అన్నతో పూర్తిగా ఏకీభవిస్తా. అవి ఫోన్‌లోనే చేస్కోండి.