పాత గ్లైడర్‌లో బ్యాటరీ మార్చి, కొత్త పరికరం బిగించవచ్చా?

ప్రశ్న: 1970ల నాటి ఒక సీటు గ్లైడర్ (ఇంజిన్ లేని విమానం) నాది. ముక్కు భాగంలో రెండున్నర కిలోల సీసపు బ్యాటరీ ఉంది. దాన్ని తీసేసి, కిలో బరువుండే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెడదామనుకుంటున్నాను. ప్యానెల్‌లో రంధ్రం కోసి ఫ్లార్మ్ (దగ్గరలోని విమానాలను ఢీకొనే ప్రమాదం గురించి హెచ్చరించే పరికరం) తెర కూడా బిగించాలి. వైరింగ్ పని నాకు వచ్చు. ఎవరి అనుమతైనా కావాలా? బరువు తగ్గుతుంది కాబట్టి ఇబ్బంది ఉండదనుకుంటున్నాను.

జవాబు: ఇబ్బంది ఆ బరువు తగ్గడంలోనే ఉందండీ. ముక్కులో ఒకటిన్నర కిలో తగ్గితే గురుత్వ కేంద్రం వెనక్కి జరుగుతుంది. లెక్క వేసి చూడండి. గురుత్వ కేంద్రానికి అనుమతించిన వెనుక హద్దు నుంచి బ్యాటరీ 1.6 మీటర్లు, పైలట్ 0.6 మీటర్లు ముందున్నారనుకుందాం. 1.5ను 1.6తో గుణించి 0.6తో భాగిస్తే 4 వస్తుంది. అంటే కాక్‌పిట్‌లో పలక మీద రాసి ఉన్న కనీస పైలట్ బరువు 4 కిలోలు పెరగాలి. ఆ పలక మార్చకుండా తేలికైన పైలట్ ఎవరైనా కూర్చుంటే, స్పిన్ (గ్లైడర్ అదుపు తప్పి గిరగిరా తిరుగుతూ కిందికి పడడం) నుంచి బయటపడడం కష్టం కావచ్చు. దయచేసి దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి.

అనుమతి సంగతి గ్లైడర్ ఏ దేశంలో నమోదైందన్న దాన్ని బట్టి ఉంటుంది. యూరప్‌లో ఈఏఎస్ఏ (అక్కడి విమాన భద్రతా సంస్థ) పరిధిలోని గ్లైడర్లకు సీఎస్-స్టాన్ అనే ప్రామాణిక మార్పుల పట్టిక ఉంది, ఫ్లార్మ్ అందులో ఉంది. ఆ షరతుల ప్రకారం బిగించి, ఫామ్ 123 నింపి, అర్హత ఉన్నవారి సంతకంతో రికార్డులో పెట్టాలి. కొన్ని పాత గ్లైడర్లు ఈఏఎస్ఏ పరిధిలోకి రావు. వాటికి ఆ దేశపు నియమాలే వర్తిస్తాయి. అమెరికాలో పెద్ద మార్పుకు ఫామ్ 337 కావాలి, చిన్నదైతే లాగ్‌బుక్‌లో నమోదు చాలు. మీది ఏ కోవలోకి వస్తుందో పని మొదలుపెట్టకముందే గ్లైడర్ ఇన్‌స్పెక్టర్‌ను అడగండి. కోసిన ప్యానెల్‌ను తిరిగి అతికించలేం.

మరొకరి జవాబు: ఫ్యూజ్ బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. ఎక్కడో ప్యానెల్ వెనుక పెడితే, మధ్యలో ఉన్న పాత వైరు రాపిడికి తెగి లోహానికి తగిలినప్పుడు దాన్ని కాపాడేది ఏదీ ఉండదు. బ్యాటరీ పెట్టె బిగింపు కూడా చూడండి. గురుత్వాకర్షణకు పది రెట్ల కుదుపులో కిలో బ్యాటరీ పది కిలోల బరువుతో లాగుతుంది. పాత పట్టీ పెద్ద బ్యాటరీకి కొలిచి చేసినది, చిన్నది అందులోంచి జారిపోవచ్చు. సీసపు బ్యాటరీ చార్జర్ వాడకండి. తెర పెట్టాక దిక్సూచి తప్పు చూపుతోందేమో సరిచూడండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ తెర గానీ వైరు గానీ కానపీని (కాక్‌పిట్ పైనున్న పారదర్శక మూతను) వదిలించి బయటకు దూకే దారికి అడ్డు రాకూడదు. పారాచూట్ వేసుకుని కూర్చుని, నేలమీదే ఒకసారి దిగి చూడండి.

ప్రశ్నించినవారు: చాలా కృతజ్ఞతలు. నా దగ్గరున్న తూకం పత్రం పాతది. తర్వాత రంగు వేయించాను. దాని మీదే లెక్క కట్టవచ్చా?

జవాబు: వద్దండీ. తోక మీద పడిన రంగు కూడా గురుత్వ కేంద్రాన్ని వెనక్కే లాగుతుంది, అది బ్యాటరీ మార్పుతో కలుస్తుంది. బ్యాటరీ, తెర రెండూ బిగించాక మళ్లీ తూయించి, కొత్త పలక అతికించి, ఆ తర్వాతే ఎగరండి.