మామిడితోటకీ గుట్టకీ మధ్య దేవాంగ పిల్లికి దారి ఎట్లా?

గుట్టకింద తోట:
చిత్తూరు జిల్లాలో గుట్టను ఆనుకుని మామిడితోట. నడుమ 9 మీటర్ల బండిబాట. ఇదివరకు రెండు పక్కలా కానుగలు, తుమ్మలు పైన కలిసిపోయి ఉండేవి. బాట వెడల్పు చేస్తూ కొట్టేశారు. ఇప్పుడు దేవాంగ పిల్లులు (ఇంగ్లీషులో స్లెండర్ లోరిస్, రాత్రిళ్లు కొమ్మల మీద తిరిగే చిన్న జంతువు) నేలకు దిగి దాటుతుంటే కుక్కలు పట్టేస్తున్నాయి. తాడు కట్టాలా, చెట్లు పెంచాలా?

కానుగనీడ:
రెండూ చేయండి. చెట్లు కలిసేదాకా తాడు కావాలి. పావుకిలో అటూఇటూ ఉండే ప్రాణి, దూకడం రాదు. చేతితో ముందు కొమ్మ అందుకున్నాకే వెనక కొమ్మ వదులుతుంది. జావాలో సిపగంటి ఊరి పొలాల్లో చెట్టుకీ చెట్టుకీ నీటి గొట్టాలు కడితే, దీని దాయాది స్లో లోరిస్‌లు వాటి మీదే దాటుతున్నాయి. మీరూ 20 ఎం.ఎం. నల్ల గొట్టం వాడొచ్చు.

ఎత్తు 6 మీటర్లకు తగ్గొద్దు, గడ్డిలోడు బండి తగులుతుంది. చాలామంది చేసే తప్పు, గొట్టాన్ని మొండి మానుకు కట్టి వదిలేయడం. చివర్లు ఆకు గుబురు లోపలికి, సన్న కొమ్మల దాకా పోవాలి. మానుకు పాత ట్యూబు ముక్క చుట్టి దానిమీద కట్టండి, లేకుంటే బెరడు కోసుకుపోతుంది. గాలికి చెట్లు ఊగుతాయి కాబట్టి కాస్త వదులుండాలి. ఏటా ముడి విప్పి మళ్లీ కట్టండి.

వాగుగట్టు:
అన్నా, ముందు కరెంటు తీగలు చూసుకోండి. దగ్గర్లో తీగలుంటే అక్కడ కట్టనే వద్దు. బాట పంచాయతీదైతే వాళ్లకూ, అవతల రిజర్వు అడవైతే అటవీశాఖకూ చెప్పి చేయండి. దేవాంగ పిల్లి వన్యప్రాణి రక్షణ చట్టంలో షెడ్యూల్ 1 జంతువు, చేత్తో పట్టి అవతల వదలడం కూడా నేరమే.

చెట్ల సంగతి: బాటకు రెండు వైపులా 4 మీటర్లకొక కానుగ, నడుమ మీటరుకొక గ్లైరిసిడియా (పచ్చిరొట్ట ఎరువుకు పెంచే చెట్టు) కొమ్మ. మణికట్టు లావు, నిలువెత్తు కొమ్మలు తొలకరికి అడుగు లోతు పాతితే చాలు. పచ్చిరొట్టకు నరికేటప్పుడు ఒక ఏడు ఒక వైపే నరకండి. రెండు వైపులా ఒకేసారి బోడి చేస్తే దారి మళ్లీ తెగినట్టే.

కానుగనీడ:
ఇంకోటి. దేవాంగ పిల్లి తిండి ఎక్కువగా పురుగులే. పూతమీద తేనెమంచు పురుగుకు మందు కొట్టక తప్పకపోయినా, బాట పక్క రెండు సాళ్లు వదిలేయండి. కంచెకు సోలార్ తీగ ఉంటే నేలకు దగ్గరున్న తీగలో కరెంటు తీసేయండి. ఇది అలుగు (ఒంటినిండా పొలుసులుండే, చీమలు తినే జంతువు) కోసం. షాక్ తగలగానే అది తీగ మీదే ముడుచుకుని చచ్చిపోతుంది.

దేవాంగ పిల్లులు గొట్టం మీద దాటుతున్నాయో లేదో చూడాలంటే టార్చికి ఎర్ర కాగితం చుట్టి చీకటి పడ్డాక వెతకండి. కొమ్మల్లో నారింజ రంగు కళ్లు రెండు పక్కపక్కనే, కదలకుండా మెరుస్తాయి. నాలుగు రోజులు కనపడలేదని గొట్టం విప్పేయకండి. అలవాటు పడడానికి నెలలు పట్టొచ్చు.