డివైస్ ట్రీలో నోడ్‌కి చిప్ పేరు పెట్టకూడదా?

ప్రశ్న: మా బోర్డులో ఐ2సీ బస్సు (చిప్‌లను కలిపే రెండు తీగల లైను) మీద టీఎంపీ102 ఉష్ణోగ్రత సెన్సర్ ఉంది, అడ్రస్ హెక్స్‌లో 48. డివైస్ ట్రీలో (బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఉందో కర్నెల్‌కి చెప్పే వివరణ) దాని నోడ్‌కి, అంటే ఎంట్రీకి, "టీఎంపీ102@48" అని పెట్టి లినక్స్ కర్నెల్‌కి ప్యాచ్ (కోడ్ మార్పు) పంపితే రివ్యూలో "టెంపరేచర్-సెన్సర్@48" చేయమన్నారు. మరి డ్రైవర్ దాన్నెలా గుర్తుపడుతుంది?

జవాబు: డ్రైవర్‌ని జతచేసేది నోడ్ లోపల రాసే కంపాటిబుల్ ప్రాపర్టీ అండీ, నోడ్ పేరు కాదు. అక్కడ "టీఐ,టీఎంపీ102" ఉంటే చాలు: ముందు కంపెనీ, కామా, తర్వాత చిప్. నోడ్ పేరు ఆ వస్తువు ఏం చేస్తుందో చెప్పాలంతే.

ఇంకో తిరకాసుంది. నోడ్ పేర్లలో హైఫన్ వాడాలి, అండర్‌స్కోర్ వద్దంటారు. లేబుల్ (నోడ్‌ని వేరే చోట నుంచి పిలవడానికి పెట్టే పేరు) దగ్గర సీన్ రివర్స్: హైఫన్ పెడితే డీటీసీ, అంటే డివైస్ ట్రీ కంపైలర్, అసలు కంపైలే చేయదు. చాదస్తంలా ఉంటుంది కానీ తప్పదు.

ప్రశ్న: రేపు ఇదే ఫ్యామిలీలో వేరే చిప్ వేస్తారట. కంపాటిబుల్‌లో "టీఎంపీ1ఎక్స్‌ఎక్స్" అని పెట్టేస్తే?

జవాబు: వద్దు బాబూ, వైల్డ్‌కార్డ్ (ఇలా ఏ చిప్‌కైనా సరిపోయేలా ఎక్స్‌లు పెట్టిన పేరు) చూస్తే రివ్యూలో వెనక్కి కొడతారు. కొత్త చిప్ పాత దానిలాగే పనిచేస్తే రెండు పేర్లూ రాయండి, కొత్తది ముందు. పంపేముందు, డివైస్ ట్రీ నియమాల ప్రకారం ఉందో లేదో చూసే "మేక్ డీటీబీఎస్_చెక్" కమాండ్ నడపండి.