తొమ్మిదేళ్ల పాపకు శాశ్వత దవడ పన్ను తీయించవచ్చా?

ఒక అమ్మ: పాపకు ఆరేళ్లప్పుడు వచ్చిన కింది దవడ పన్ను మొదటి నుంచీ పసుపుగా ఉంది. ఇప్పుడు అంచులు సున్నపు పెళ్లల్లా రాలుతున్నాయి. చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుందని తల ఒక పక్కకు వంచి తాగుతోంది. ఫిల్లింగు రెండుసార్లు ఊడిపోయింది. ఒక డాక్టరు క్యాప్ వేద్దామన్నారు, మరొకరు తీసేద్దామన్నారు. “మళ్లీ రావడానికి అదేమైనా పాలపన్నా?” అని మా అత్తగారి బాధ.

ఒక నాన్న: మీ అత్తగారి మాటే నాదీ. మా అబ్బాయికి ఏడో ఏట స్టీలు క్యాప్ వేయించాం. ఇప్పుడు పదమూడేళ్లు, చెరకు ముక్కలు నములుతున్నాడు. ముందు పన్ను నిలబెట్టండి. తీయడానికేం, ఎప్పుడైనా తీయవచ్చు.

పిల్లల దంతవైద్యురాలు: ఆ “ఎప్పుడైనా” దగ్గరే నా పేచీ. ఆ పన్ను వెనుక రెండో దవడ పన్ను ఎముకలోనే తయారవుతూ ఉంటుంది. దాని వేర్లు చీలే చోటు గట్టిపడటం మొదలయ్యే దశలో, సుమారు 8–10 ఏళ్ల మధ్య, ముందుది తీస్తే వెనకది జరిగి ఆ చోటుకు రావచ్చు. ఆలస్యమైతే, ముఖ్యంగా కింది దవడలో, పన్ను ఒరిగి సందు మిగిలిపోతుంది. పన్ను గట్టిగా ఉంటే క్యాప్ మంచిదే. ఇలా రాలిపోతుంటే ఏటేటా అతుకులు వేయడం నాకు ఇష్టం ఉండదు.

నల్గొండ నుంచి ఒకరు: ఇది మా వైపు ఫ్లోరైడు మచ్చల్లాంటిదే కదా? ముందు నీళ్లు మార్చండి.

దంతవైద్యురాలు: కాకపోవచ్చు. ఫ్లోరైడు మచ్చలు రెండు వైపులా జతగా కనిపిస్తాయి. ఇది ఒక పంటికి వచ్చి, అటువైపు పంటికి రాకపోవచ్చు. 2001 నుంచి దీన్ని ఎంఐహెచ్ (మోలార్ ఇన్సిజర్ హైపోమినరలైజేషన్) అంటున్నాం. పంటి పైపొర తయారయ్యేటప్పుడే ఖనిజాలు చాలలేదు. అందుకే ఫిల్లింగుకు పట్టు దొరకదు. పొర ఏర్పడిపోయాక నీళ్లు మార్చినా అది మారదు. అమ్మా, ఇది మీ పెంపకంలో లోపం కాదు. దవడలు మొత్తం కనిపించే పెద్ద ఎక్స్‌రే తీయించి రెండో దవడ పన్ను ఏ దశలో ఉందో, జ్ఞానదంతం మొగ్గ కనిపిస్తోందో లేదో చూపించుకోండి. పళ్ల వరస సరిచేసే వైద్యుల మాట కూడా విన్నాకే తీయించండి.

అమ్మ: సోమవారం వెళ్తాం. పోయినసారి మత్తు ఇంజెక్షను చేసినా నొప్పి అని ఏడ్చింది. మొండికేస్తోందని కోప్పడ్డాను.

దంతవైద్యురాలు: ఇలాంటి పళ్లలో నరం ముందే రేగి ఉంటుంది, మామూలు మత్తు చాలాసార్లు చాలదు. పాప నిజమే చెప్పింది. ఈ సంగతి కుర్చీలో కూర్చోకముందే డాక్టరుకు చెప్పండి.