మా అటక మీద తిరిగేది రకూనేనా? పురుగు భయం ఉందా?

ఉద్దానం తోట:
అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర పల్లెటూరు. పెంకుటిల్లు, పెరట్లో పనస, సపోటా. పది రోజులుగా రాత్రి పదకొండు దాటాక అటక మీద ఏదో పరుగులు పెడుతోంది. మొన్న టార్చి వేస్తే దొరికింది. పిల్లికంటే పొడుగు, బూడిద రంగు ఒళ్లు, కళ్ల చుట్టూ నల్లగా ముసుగు వేసినట్టు ఉంది, తోక దాదాపు ఒంటి పొడుగంత. ఫొటో మసగ్గా వచ్చింది, ఏమీ అనుకోకండి. న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడికి పంపితే, "అన్నయ్యా, అది రకూన్. దాని పెంటలో ఉండే పురుగు మెదడుకెక్కుతుంది, పాపని అటు పోనివ్వకు" అన్నాడు. పాపకి మూడేళ్లు. అప్పట్నుంచి మా ఆవిడకి నిద్ర లేదు, నాకు ఒకటే టెన్షన్. అటక మూల గింజలతో నిండిన పెంట కూడా ఉంది. ఏం చెయ్యమంటారు?

బొబ్బిలి కుర్రాడు:
బోను పెట్టి పట్టి, కొండ దగ్గర వదిలేయండి అన్నా.

జువాలజీ మాస్టారు, విజయనగరం:
బోను మాట ఎత్తకండి బాబూ. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది, తర్వాత మీరే తిరగాలి.

ఫొటోలో తోక చూడండి, నల్లగా ఉంది, ఒక్క పట్టీ కూడా లేదు. రకూన్ తోకకి ఉంగరాలు తొడిగినట్టు పట్టీలుంటాయి. పైగా రకూన్ మన అడవుల జంతువు కాదు, దాని పుట్టిల్లు ఉత్తర అమెరికా. మీ అటక మీదున్నది మానుపిల్లి. కల్లు గీసేవాళ్లని అడగండి, ముంతలో మూతి పెట్టి తాగిపోయే దొంగ అంటే వెంటనే గుర్తుపడతారు. చాలామంది దీన్నే పునుగు పిల్లి అంటారు గానీ, తిరుమల పునుగు తైలం ఇచ్చేది వేరే జాతి. దాని తోకకి పట్టీలుంటాయి, ఎక్కువగా నేల మీదే తిరుగుతుంది.

మీ తమ్ముడు పొరబడ్డాడంటే తప్పు పట్టను. ముసుగు మొహం, రాత్రి సంచారం, పండ్లూ పురుగులూ ఏది దొరికితే అది తినడం, రెండింటికీ ఒకటే. కానీ చుట్టరికం చాలా దూరం. మాంసాహార జంతువుల వంశం నాలుగు కోట్ల ఏళ్లకు ముందే రెండు కొమ్మలైంది. రకూన్ కుక్క, ఎలుగు, నీటికుక్కల కొమ్మది. మానుపిల్లి పిల్లి, ముంగిసల కొమ్మది. బతుకు ఒకలాంటిదైతే రూపం కూడా ఒకలాగే తిరుగుతుందని ఈ రెండు కుటుంబాలనూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. రకూన్ కుటుంబంలో కింకాజూ అని ఒకటుంది, తోకతో కొమ్మని చుట్టి పట్టుకుంటుంది. మానుపిల్లి కుటుంబంలో, మన ఈశాన్య అడవుల్లో ఉండే బింటురాంగ్ కూడా సరిగ్గా అదే పని చేస్తుంది. మాంసాహారుల వంశం మొత్తంలో ఆ విద్య ఈ రెండింటికే వచ్చు!

టెక్కలి టీచరమ్మ:
మాస్టారూ, ఎర్ర పాండా రకూన్ కుటుంబమని మేం చదువుకున్నాం. అది మన దేశంలో ఉంది కదండీ?

జువాలజీ మాస్టారు, విజయనగరం:
ఒకప్పుడు అలాగే కలిపేవారమ్మా. ఇప్పుడు దానిది వేరే కుటుంబం, అందులో అదొక్కటే మిగిలింది. డార్జిలింగ్‌లో మన పద్మజా నాయుడు పేరున్న జూకి వెళ్తే చూడొచ్చు.

రిటైర్డ్ పశువైద్యుడు:
పురుగు సంగతి నేను చెబుతాను. తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు, ఇక్కడికి వర్తించదు, అంతే. రకూన్ పేగుల్లో బేలిసాస్కారిస్ అనే ఏలికపాము ఉంటుంది. రకూన్‌కి పెద్దగా ఇబ్బంది పెట్టదు. దాని గుడ్లు ఎలుక కడుపులోకి పోతే మాత్రం పిల్లపురుగు పేగుల్లో ఆగదు, కంటికీ మెదడుకీ పోతుంది. మెదడు దెబ్బతిన్న ఎలుక తూలుకుంటూ తిరుగుతుంది, రకూన్‌కి సులువుగా దొరుకుతుంది, పురుగు మళ్లీ సొంతింటికి చేరుతుంది. మనిషి దారిలో పొరపాటున తగులుతాడు. మట్టి నోట్లో పెట్టుకునే పసిపిల్లలకే ముప్పు ఎక్కువ. అరుదైన జబ్బే, వస్తే మాత్రం ఘోరం.

తమ్ముడికి ఒక మాట చెప్పండి. రకూన్లు ఒకేచోట పెంట వేస్తాయి, అమెరికాలో ఇంటి డెక్ మీద కూడా. ఆ గుడ్లకి అంటించే శక్తి రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది కాబట్టి చూసిన రోజే తీసేయాలి. బ్లీచింగ్ వాటిని చంపదు, మరిగే నీళ్లు చంపుతాయి.

ఇక మీ ఇంటి సంగతి. మీ వీధిలో కుక్కలున్నాయా? పాప ఎక్కడ ఆడుతుంది?

ఉద్దానం తోట:
గేటు పక్కన ఇసుక గుట్ట ఉందండీ, బాత్రూం కట్టడానికి తోలించాం. పాప రోజంతా అక్కడే. వీధి కుక్క కూడా అక్కడే నాలుగు పిల్లల్ని పెట్టింది.

రిటైర్డ్ పశువైద్యుడు:
అటక వదిలేసి ముందు ఆ గుట్ట చూడండి. కుక్కపిల్లకి తల్లి కడుపులోనే టాక్సోకారా అనే ఏలికపాము అంటుతుంది. రకూన్ పురుగుకి చుట్టమే. ఇదీ మనిషిలో దారి తప్పి కాలేయానికో కంటికో పోతుంది. గుట్ట మీద టార్పాలిన్ కప్పండి, పెంట ఎప్పటికప్పుడు ఎత్తేయండి. కుక్కపిల్లలకి రెండో వారం నుంచి పురుగుల మందు మొదలుపెట్టాలి, పశువుల ఆసుపత్రిలో అడగండి.

ఉద్దానం తోట:
అంగన్‌వాడీలో పాపకి నులిపురుగుల మాత్ర వేశారు, చాలదా సార్?

రిటైర్డ్ పశువైద్యుడు:
అది మనుషుల పేగుల్లో కాపురముండే పురుగులకి. ఇది పేగు దాటి వెళ్లేది. ఊరికే మందులు మింగించకండి. పాప మట్టి తిన్నట్టు అనుమానమున్నా, జ్వరం తగ్గకపోయినా, మెల్లకన్ను పడ్డట్టున్నా పిల్లల డాక్టరుకి ఈ కుక్కలూ ఇసుకా సంగతి చెప్పండి. చెప్పకపోతే వాళ్లకి తట్టదు.

మానుపిల్లి పెంట గ్లోవ్స్, మాస్కు వేసుకుని తడిపి తీసేయండి. అటక మీద కూనలున్నాయేమో చూడండి. ఉంటే వాటిని కదపకుండా కొన్నాళ్లు ఓర్చుకోండి. లేకపోతే, రాత్రి అది బయటికెళ్లాక సందుకి ఇనుప జాలీ కొట్టండి. రాలిన పనస పెరట్లో వదలకండి.

ఉద్దానం తోట:
టార్పాలిన్ కప్పేశాం సార్. అటక మీద కూనలు మూడున్నాయి, ఇంకా కళ్లు తెరవలేదు. జాలీ పని వాయిదా వేశాం. మా ఆవిడ ఇప్పుడు పనస తొనలు అక్కడ పెట్టొద్దా అని అడుగుతోంది.

రిటైర్డ్ పశువైద్యుడు:
వద్దమ్మా.